నేను కొండ కాదన్న మిట్ట

పంతొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం. రోడ్ల శాఖలో ఓవర్సీరుగా చేరి నాకప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మైపాడుకు ఉత్తరంగా, సముద్రానికీ ఉప్పు కాలవకీ నడుమ ఒక పల్లెకారుల ఊరుంది. నలభై ఇళ్ళు, అన్నీ తాటాకు కప్పులే. వానాకాలం వస్తే ఆ ఊరికి దారంటూ ఉండేది కాదు. ఆడవాళ్ళు చేపల గంపలు నెత్తిన పెట్టుకుని మోకాటిలోతు బురదలో నడిచి సంతకు పోయేవాళ్ళు. అక్కడికి మట్టిరోడ్డు వేయాలని తలపెట్టి, ఎస్టిమేటు తయారుచేసే పని నాకు అప్పగించారు. ఆ ఊరి పేరు మాత్రం చెప్పను. చెప్పే ముఖం నాకు లేదు.

మా పని తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. రోడ్డు వేసేముందు నేల ఎత్తుపల్లాలు చూడాలి. మూడుకాళ్ళ స్టాండు మీద డంపీ లెవెల్ అనే దుర్భిణీ బిగించి, ఎదురుగా ఒక మనిషి చేత స్టాఫ్ పట్టిస్తాం. స్టాఫ్ అంటే అడుగుల లెక్కన గీతలు వేసిన పొడవాటి కొలబద్ద. దుర్భిణీలోంచి దాని మీది అంకె చూసి లెవెల్ బుక్కులో రాసుకుంటాం. రోడ్డు పోయే గీత వెంబడి నూరడుగులకొకసారి ఇదే తంతు. ఆ గీతకు అవతల ఏముందో మాకు పట్టదు.

ఎస్టిమేటు ఫారంలో ఒక గడి ఉండేది. ప్రాంతం చదునా, ఎగుడుదిగుడా, కొండలున్నదా అని. చూడ్డానికి చిన్న గడే. కానీ చదును అని రాస్తే కాంట్రాక్టరు దగ్గర్లోని ఏ పోరంబోకులోనైనా మన్ను తవ్వుకోవచ్చు. మిగతా రెంటిలో ఏది రాసినా పై అధికారి స్వయంగా వచ్చి చూసి, ఎక్కడ తవ్వాలో, ఎక్కడ తవ్వకూడదో గుర్తులు పెట్టాలి.

నేను ఉదయగిరి వైపువాణ్ణి. పొద్దున కళ్ళు తెరిస్తే ఎదురుగా దుర్గం కొండ కనబడే ఊళ్ళో పుట్టాను. నెల్లూరు తీరమంతా నా కంటికి చాప పరిచినట్టుండేది. కొండ అనే మాట ఈ ఉప్పునేలలో ఎవరి నోట విన్నా నాకు నవ్వొచ్చేది. పుట్టిన ఊరి గర్వం అంత చెడ్డది.

మూడోరోజు ఆ ఊరి పెద్ద పోలయ్య నా దగ్గరికి వచ్చాడు. అరవై దాటిన మనిషి, ఉప్పుగాలికి ఎండి గట్టిపడ్డ ఒళ్ళు. ఏం రాసుకుంటున్నానో అడిగాడు. చదునో కొండో రాసుకుంటున్నానని చెప్పాను. అయితే తమ ఊరికి కొండుందని, అది కూడా రాసుకోమని అన్నాడు. ఎక్కడా అని చూస్తే, ఊరి చివర బాలబందతీగ అల్లుకున్న ఇసుకమిట్ట చూపించాడు. మహా అయితే రెండు నిలువులుంటుందేమో.

ఆయన ఆ మిట్ట సంగతి చాలాసేపు చెప్పాడు. సముద్రం పొంగితే ఊరు ఊరంతా దాని మీదికే ఎక్కుతుందట. తాతలనాడే ఇంటింటికీ అక్కడ చోటు పంచి పెట్టారట. ఎవరి చోట వాళ్ళే కూర్చోవాలి, తగువుండకూడదు. ఇంటిముందు పోసుకోవడానికైనా అక్కడి ఇసుక గంపెడు తీయరు. మేకల్ని ఎక్కనివ్వరు. దిగేటప్పుడు కాళ్ళకంటిన ఇసుక కూడా అక్కడే దులిపి దిగుతారు. ఆయన భార్య రమణమ్మకు మోకాళ్ళు పడిపోయాయి. గాలి తిరిగినప్పుడల్లా ఆమెను వీపున వేసుకుని తీసుకుపోయి తమ చోట కూర్చోబెడతానని చెప్పాడు.

“ఆ బద్ద ఒక్కసారి దాని మీద పెట్టి చూడయ్యా. ఎంతుందో మాకూ తెలుస్తాది” అన్నాడు.

“మా ఊరికొచ్చి చూడు పెద్దాయనా, కొండంటే ఏందో. దీన్ని కొండంటే మా మేకలు గూడా నవ్వుతాయి” అన్నాను.

గొలుసూ బద్దా పట్టే నా చైన్‌మన్లు పకపకా నవ్వారు. పోలయ్య కూడా కొంచెం నవ్వాడు, మర్యాదకి.

“మీ కొండలెక్కితే ఏం కనపడతాదో నాకు తెలవదు సామీ. ఇదెక్కితే మేం బతుకుతాం” అన్నాడు.

నేను పోలేదు. ఎండ మండిపోతోంది, సాయంత్రం బస్సు తప్పుతుందన్న తొందర. మిట్ట గీతకు నాలుగువందల అడుగుల అవతల ఉంది, అక్కడిదాకా లెవెల్ మోయించాలంటే అరగంట పని. ఫారంలో చదును అని రాసి సంతకం పెట్టాను. అబద్ధమని ఎవరూ అనలేరు. నా లెవెల్ బుక్కులో ఎక్కడా అడుగున్నరకు మించి తేడా లేదు. గీత మీద నడిచినంతమేరా అంతా నిజమే.

ఎండాకాలంలో పని మొదలైంది. అప్పటికి నన్ను బోగోలు వైపు వేరే పనికి మార్చారు. ఒకరోజు పోలయ్య అక్కడికి వెతుక్కుంటూ వచ్చాడు. బండ్లు కట్టుకుని వచ్చి మిట్ట తవ్వుతున్నారని, అడ్డం పడితే ఇది పోరంబోకేనని కాగితం చూపిస్తున్నారని చెప్పాడు. నువ్వు చెబితే వింటారు సామీ అని చేతులు పట్టుకున్నాడు. మాట్లాడతానన్నాను. నిజంగానే పోయి మా ఇంజనీరుగారితో అన్నాను కూడా. ఆయన ఫైలు తెరిచి నా సంతకం మీద వేలు పెట్టాడు.

“చదునని రాసింది నువ్వే గదయ్యా. ఇప్పుడు కొండెట్లా మొలిచింది?”

చూడకుండా రాశానండీ అని ఒక్క మాట అంటే తవ్వకం ఆగేది. అంటే నాకు మెమో వచ్చేది, ఉద్యోగం ఖాయం కావడం మూలపడేది. నోరు మూసుకుని బయటికి వచ్చాను. అది పైవాళ్ళ చేతిలో ఉందని పోలయ్యకు కబురు పంపాను. సిగ్గులేని కబురు.

ఆ కార్తీకంలో గాలివాన వచ్చింది. మూడోనాడు రోడ్డు ఎంత పోయిందో చూసి రమ్మని నన్నే పంపారు. మూడడుగుల కట్ట, నాలుగుచోట్ల తెగి కొట్టుకుపోయింది. ఊళ్ళో ఒక్క కప్పు లేదు. మిట్ట సగమే మిగిలింది, కాలవ వైపు భాగమంతా బండ్లలో మా రోడ్డు కిందికి పోయింది. మిగిలిన సగం మీద జనం ఇంకా ఉన్నారు, తడిచిన వలలు కప్పుకుని.

ఏం జరిగిందో పోలయ్యే చెప్పాడు. నలభై ఇళ్ళకు ఉన్న చోటు ఇరవై ఇళ్ళకే చాలిందట. పిల్లల్నీ ఆడవాళ్ళనీ పైకెక్కించి, మగవాళ్ళు నడుముల్లోతు నీళ్ళలో ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారట. ఎప్పటిలాగే రమణమ్మను ముందుగా పైన కూర్చోబెట్టి, ఆయన మిగతా పిల్లల్ని తేవడానికి పోయాడు. పదిరోజుల బిడ్డతో ఒక పిల్లతల్లి నీళ్ళలో నిలబడి ఉంది.

“ఆమెను తన చోటికి రమ్మని, తను నీళ్ళలోకి జారినాదంట సామీ. నేనొచ్చేసరికి మా చోట ఆ పిల్లతల్లి ఉండాది” అన్నాడు.

ఆయన ఏడవలేదు. నా చేయి పట్టుకుని పైకి తీసుకుపోయి అక్కడున్నవాళ్ళకు చూపించాడు.

“ఈ అయ్యే. మన మిట్ట కోసం పైవాళ్ళతో మాట్లాడినాడు. వాళ్ళు వినలా. అయ్య మాత్రం ఏం చేస్తాడు?”

వాళ్ళు కాస్త ఒత్తిగిల్లి నాకు కూర్చోవడానికి చోటిచ్చారు. నేను రాశాను, నావల్లే జరిగింది అని చెప్పాల్సిన క్షణం అదే. అనలేదు. వాళ్ళిచ్చిన చోట కూర్చున్నాను. అంతకంటే నీచమైన పని నా సర్వీసులో ఇంకొకటి చేయలేదు.

నా ఉద్యోగం ఆ పైయేడు ఖాయమైంది. తర్వాత ఎన్నో రోడ్లు వేశాను, కొండల్లోనూ వేశాను. నా కింద చేరిన కుర్రాళ్ళకు, గీత దాటి నాలుగు వైపులా తిరిగి చూసి గానీ ఆ గడి నింపొద్దని గట్టిగా చెప్పేవాణ్ణి. ఎందుకు సార్ అంటే రూలని కసిరేవాణ్ణి. అలాంటి రూలేమీ లేదు. ఆ మిట్ట మొదట ఎంత ఎత్తుండేదో ఏ రికార్డులోనూ లేదు, పోలయ్య అడిగిన ఆ లెక్క ఆయన పోయేలోపు నేను చెప్పలేకపోయాను.

చదునైన దేశంలో కొండ ఉంటుందా అని ఎవరైనా నన్నడిగితే, ఉంటుందనే చెబుతాను. నీళ్ళొచ్చిన రోజు జనం ఎక్కడికెక్కుతారో అదే అక్కడి కొండ. ఇది నేను చదివి తెలుసుకున్నది కాదు, నా బుర్రకు తట్టినదీ కాదు. తెలియక రాశానని అనుకుందామంటే అదీ కుదరదు. ఆ ఊరి మనిషి నా ఎదురుగా నిలబడి, అడక్కుండానే చెప్పాడు. నేను నవ్వాను.