విక్లో కొండల్లో పుంటికూర

మధులికకు లోకంలో రెండింటి మీద నమ్మకం లేదు: ఐర్లండ్ ఆకాశం, పరాయివాళ్ల వంట. అక్కడి టాలా ఊళ్లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదివే ఈ నిజామాబాద్ పిల్ల ఎక్కడికెళ్లినా రెయిన్‌కోటు, అమ్మ పంపిన పుంటికూర పచ్చడి వెంట ఉండాల్సిందే. విక్లో కొండల్లో సైన్స్ క్యాంపుకూ అంతే. సీసా అయితే బ్యాగులో కారుతుందని, పచ్చడిని మట్టి శాంపిళ్లకిచ్చిన తెల్ల ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చింది. బుర్ర పాదరసం మరి!

కొండమీద పొద్దుటి నుంచీ వాన, నవ్వులు. తడికి మెత్తబడిన నల్లమట్టి నేల, బాగ్ అంటారిక్కడ, అందులో మధులిక మోకాలిదాకా దిగబడింది. ఇద్దరు పట్టి లాగితే కాలొచ్చింది, బూటు రాలేదు. అయినా చేతిలోని మట్టి శాంపిల్ డబ్బా వదల్లేదు. అంత లోతు మట్టి మళ్లీ దొరకదు, తన ప్రాజెక్టంతా దానిమీదే ఉంది.

సాయంత్రం బసకు చేరేసరికి వానకు డబ్బాల మీది చీటీలన్నీ ఊడిపోయాయి. ఈఫా మేడం (పేరు పెట్టి పిలవమని ఆ లెక్చరర్ ఎంత మొత్తుకున్నా మధులికకు మేడమే) ఒక డబ్బా తెరిచి, చెంచాడు గిన్నెలోకి తీసి పులుపు కొలిచింది. మీటరు చూసి ఎగిరి గంతేసినంత పని చేసింది.

"అబ్బా, ఇంత ఆమ్లమా! పైన నూనె కూడా తేలుతోంది! అందరూ రండి!"

మధులిక ముక్కుకు తిరగమోత వాసన తగిలింది. అది అమ్మ పచ్చడే! మరి మట్టి?

శామ్యూల్! గుంటూరు క్లాస్‌మేట్. గోంగూరంటే తమదేననీ, మీ పుంటికూర ఏపాటిదనీ బస్సంతా ఏడిపించాడు. అయితే రుచి చూడమని ఇందాకే డబ్బా చేతిలో పెట్టింది తనే.

ఒంటిబూటుతో వంటగదికి పరుగెత్తింది. "శామ్యూల్! తినకురా! అది మట్టిరా!"

శామ్యూల్ అప్పటికే ముద్ద మింగి, మంచినీళ్ల గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

"మట్టా? మీ అమ్మ చేసిందంటివి గదే! బాలేదంటే ఏడుస్తావని, గ్రాండ్‌గా ఉందని చెప్దామనుకుంటన్నా!"

"ఎంత వేసుకున్నవ్?"

"ఒక్క చెంచా. రెండో చెంచాకి ధైర్యం చాల్లా."

డబ్బా దాదాపు నిండుగానే ఉంది. ప్రాజెక్టు బతికింది! మధులిక ఆ మట్టిని గుండెలకు హత్తుకుని గిరగిరా తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ టక్కున ఆగింది.

"అంటే, మా అమ్మ పచ్చడి మట్టిలెక్క ఉంటదనుకున్నవా?"

"పుంటికూరంటే అట్టానే ఉంటదేమో అనుకున్నా!"

వెనకే అసలు పచ్చడి డబ్బాతో వచ్చిన ఈఫా మేడం, సంగతి తెలిసి నేలమీద కూలబడి మరీ నవ్వింది. మధులిక వేడన్నంలో చెంచాడు పచ్చడి వేసి శామ్యూల్ ముందు పెట్టింది. ముద్ద నోట్లో పెట్టుకుని వాడు కళ్లు మూసుకున్నాడు. గిన్నె ఖాళీ అయ్యాకే తెరిచాడు.

"ఏందే ఇది! గోంగూరే గదా!"

మధులిక డబ్బా వెనక్కి లాక్కుంది.

"పుంటికూర అను. అప్పుడేస్త రెండో చెంచా."