కదలకూడని దిమ్మె

నోయిడాలోని మా ఆఫీసులో ప్రతి ఉదయం నా తెర మీద మొదట కనిపించేది ఒక గుట్ట. తెలంగాణలో ఒక ఓపెన్‌కాస్ట్ గని పక్కన, బొగ్గు మీదున్న మట్టినీ రాళ్లనూ తవ్వి పోయగా పెరిగిన గుట్ట అది. లక్ష్మీనగర్‌లో ఢిల్లీ మెట్రో ఎక్కి, యమునా బ్యాంక్‌లో రైలు మారి ఆఫీసు చేరాక, చాయ్ కంటే ముందు దాని కదలికలు చూడటం నా ఉద్యోగం. గుట్ట వాలు మీద అక్కడక్కడ గాజు ప్రిజమ్‌లు బిగించాం. గని కార్యాలయం పైకప్పు మీది యంత్రం వాటి మీదికి కిరణాన్ని పంపి, ఏది ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో లెక్కిస్తుంది.

జరగడమంటే దేనితో పోల్చి? అందుకు కదలనిది ఒకటి కావాలి. గుట్ట పాదానికి అవతల, తవ్వని నేలలో సిమెంటు దిమ్మె కట్టి, దాని నెత్తిన కూడా ఒక ప్రిజమ్ పెట్టాం. అంతకంటే దూరంలో యంత్రానికి కనిపించే గట్టి చోటు దొరకలేదు. అక్కడ, చాలావరకు ఖాళీ అయిన ఊళ్లో ఆఖరి వరుస ఇళ్లు మిగిలి ఉన్నాయి.

మరుసటి ఏడు తనిఖీకి వెళ్తే దిమ్మెకు పసుపు, కుంకుమ బొట్లు. చుట్టూ నేలంతా తడి. ఎదురింటి పెద్దమ్మ బిందెతో నిలబడి ఉంది.

“మా బొడ్రాయి మీ గుట్ట కిందికి వాయె బిడ్డా. ఊరన్నంక నడుమ ఒక రాయి ఉండాలె గదా.”

“ఇది కొలతల కోసం కట్టింది, పెద్దమ్మా.”

“కదలదని నువ్వే అంటివి. బొడ్రాయికి ఇంకేం గావాలె?”

ప్రిజమ్ అద్దానికి మాత్రం పసుపు అంటనీయొద్దన్నాను.

“కండ్లల్ల పసుపు కొడ్తమా?” అని నవ్వింది. ఏదైనా అవసరమొస్తే చేయమని తన ఫోన్ నంబరు ఇచ్చింది.

తర్వాతి వానాకాలంలో ఒక ఉదయం ప్రిజమ్‌లన్నీ ఒకేలా, గుట్ట పైకి జరిగినట్టు చూపించాయి. మట్టిగుట్ట తనంతట తాను వాలు ఎక్కదు. అంటే కదిలింది గుట్ట కాదు, మేము కదలదనుకున్న దిమ్మె. అది గుట్టకు దూరంగా, ఇళ్ల వైపు జరుగుతోంది.

మా మేనేజర్ది విజయవాడ. “వాళ్లు బిందెలకొద్దీ పోస్తున్నారుగా! మన్ను మెత్తబడి ఒరిగుంటుంది. ముందు అది ఆపించండి. ఇంతమాత్రానికి ఇళ్లు ఖాళీ చేయించమని రాస్తామా?” అన్నారు.

ఆయన మాట నిజం కావాలని నేనూ కోరుకున్నాను. తప్పు నీళ్లదైతే దిమ్మెను మళ్లీ కట్టుకుంటే చాలు, ఇళ్లు ఉంటాయి. నీళ్లది కాకపోతే గుట్ట బరువు అడుగు నేలనే బయటికి నెడుతున్నట్టు. ఆ నేల మీదే ఇళ్లున్నాయి.

పెద్దమ్మకు ఫోన్ చేశాను.

“కొన్నాళ్లు దిమ్మెకు నీళ్లు పోయకండి, పెద్దమ్మా.”

“పోసుడు తప్పా బిడ్డా?”

“తప్పు కాదు. ఒకటి చూడాలి.”

“సరే. జల్ది చూడు. బోనాల నాడన్న పొయ్యాలె.”

ఆ రోజుల్లో ఢిల్లీలోనూ వానలే. యమున పొంగి, ఒడ్డున పొలాలు చేసుకునేవాళ్లు మయూర్ విహార్ రోడ్డు పక్కన టార్పాలిన్ల కింద మంచాలు వేసుకున్నారు. రైల్లో ఆ వైపు కూర్చోకుండా ఉండటానికి ప్రయత్నించేదాన్ని. ఆఫీసుకు వెళ్లగానే తెర మీద దిమ్మె కదలికను చూపే గీత చదునైందేమోనని చూసేదాన్ని.

గీత చదును కాలేదు. లోపలి నేల కదలిక తెలియడానికి దిమ్మె పక్క బోరులో దింపిన గొట్టం ఎక్కడ వంగుతోందో కొలిపించాను. పైమన్ను దగ్గర అది నిటారుగానే ఉంది. వంపు చాలా కింద, మెత్తని నల్లబంక మన్ను పొరలో ఉంది. బిందె నీళ్లు అంత లోతుకు దిగవు. గుట్ట అడుగున నీటి ఒత్తిడి కూడా వానవానకూ పెరుగుతోంది.

మేనేజర్ ఆ గీతలను చాలాసేపు చూసి, “ఠీక్ హై. రాసేయండి,” అన్నారు.

ఆఖరి వరుసను వెంటనే ఖాళీ చేయించాలని రాశాను. ఆ వాక్యంలో మార్చడానికి నాకు ఏమీ దొరకలేదు.

గని వాళ్లు వెళ్లి చెప్పకముందే పెద్దమ్మకు నేను చెప్పాలనిపించింది. ఆమె అంతా విని అడిగింది.

“ఒక్క చుక్క పొయ్యలే బిడ్డా. పొల్లగాండ్లను గూడ దగ్గరికి రానియ్యలే. మరి ఎందుకు కదిలింది?”

“కింద నేల కదులుతోంది, పెద్దమ్మా.”

“ఇల్లు ఇడిశిపొయ్యే ముంగట ఒక్కపారి పోసుకోవచ్చునా?” అంది.

“పోయండి.”

అందరూ క్షేమంగా వెళ్లారు. కొత్త దిమ్మెను ఇళ్లకు అవతలి రాతినేల మీద, యంత్రానికి కనిపించేంత ఎత్తుగా కట్టాం. లెక్కలు దానికి మారాయి. పాత దిమ్మె గీతను మాత్రం నేను తెర మీద అలాగే ఉంచాను. ఇళ్లు ఖాళీ అయిన మర్నాడు ఆ దిమ్మె నుంచి కిరణం తిరిగి రాలేదు.

గని దగ్గరి టెక్నీషియన్ ఫోన్ చేశాడు. “మేడమ్, దిమ్మెకు బంతిపూల దండ ఏసి పోయిండ్రు. అద్దానికి అడ్డం పడ్డది. తీసెయ్యాల్నా?”

“వద్దు, ఉండనీయండి,” అన్నాను.

ఆ దండ ఎండి రాలిపోయేదాకా నా తెర మీద ఆ గీత ఉండాల్సిన చోట ఖాళీయే ఉంది.