నాలుగు గుండ్లకి పెట్టిన భోజనం

ఆ రోజుల్లో తిరుపతిలో ఇల్లుందంటే చాలు, చుట్టాలకు కరువుండేది కాదు. మదరాసు నుంచి, అనంతపురం నుంచి, మనకే సరిగ్గా వరస తెలియని ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు. కొండెక్కేముందు జుట్టుతో ఒకసారి, దిగాక జుట్టు లేకుండా ఒకసారి కనిపించేవాళ్ళు. ఎక్కేటప్పుడు కాఫీ, దిగేటప్పుడు భోజనం. వస్తున్నామని ముందుగా ఉత్తరం రాసేవాళ్ళు మర్యాదస్తులు, రాయకుండా దిగేవాళ్ళు మరీ దగ్గరివాళ్ళు. ఇప్పుడు ఫోన్లొచ్చాక అందరూ హోటల్లోనే దిగి, "మిమ్మల్ని ఇబ్బంది పెట్టడమెందుకులే" అంటున్నారు. వినడానికి హాయిగానే ఉంటుంది గాని, ఆ ఇబ్బంది పడ్డవాళ్ళం కనుక ఇల్లు కొంచెం బోసిపోయినట్టు కూడా ఉంటుంది. నేను చెప్పబోయేది డెబ్భైల్లో మాట. నాకు పెళ్ళయి మూడు నెలలు, వయసు ఇరవై, తెలివి అంతకంటే కొంచెం తక్కువ.

మాది చిత్తూరు. అమ్మ నా ఏడో ఏటే పోయింది. మా నాయన మామిడికాయల మండీలో తూకాల దగ్గర పనిచేసేవాడు. పొద్దున వంట చేసి నాకు జడలు వేసి మండీకి పోయేవాడు, సాయంత్రం వచ్చి మళ్ళీ పొయ్యి రాజేసేవాడు. నాకొచ్చిన నాలుగు వంటలూ ఆయన నేర్పినవే. (జడలు వేయడం కూడా ఆయనే నేర్పాడు. ఒకటి ఎప్పుడూ పైకి, ఇంకొకటి కిందికి ఉండేవి.) నా పెళ్ళిమాటలప్పుడు మా అత్తగారి అక్క, అంటే నాకు పెద్దత్త, నిండు చావిడిలో ఒక మాట అంది. "తల్లి లేని బిడ్డ, మగోడు పెంచినాడు. పొయ్యి కాడ ఏం తెలుస్తాది?" అని. మా నాయన భుజం మీది తువ్వాలు సర్దుకుని ఊరకే నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నా మీద అన్నందుకు కాదు, ఆయన్ని అన్నందుకు నాకు కడుపు మండింది. ఎప్పటికైనా ఈ పెద్దత్త చేత నా వంట తినిపించి, బాగుందనిపించి, ఆ మాట మా నాయన చెవిన వేయాలని ఆనాడే మొక్కుకున్నంత పని చేశాను.

ఆ అవకాశం మూడు నెలలకే వచ్చింది. పెద్దత్త పలమనేరు నుంచి కొడుకు, కోడలు, ఇద్దరు మనవళ్ళతో కొండకు వస్తోందనీ, ఫలానా రోజు మధ్యాహ్నం దిగి మా ఇంటికి భోజనానికి వస్తుందనీ ఉత్తరం. సరిగ్గా ఆ రోజే మా అత్తామామలు చిత్తూరులో ఒక సీమంతానికి పోవాలి. అత్త తెల్లవారుజామునే లేచి వంటింట్లో నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"సాయంకాలానికి మేం వచ్చేస్తాం, అంతవరకు వాళ్ళని పోనీకుండా పట్టుకో. మా అక్క సంగతి నీకు తెల్దు. తిన్నింది బాగుంటే ఒక ఊర్లో సెప్తాది, బాగలేకపోతే నాలుగూర్లలో సెప్తాది. జాగర్త!"

అని, బియ్యం అర్ధపడి, కందిపప్పు, అలసందలు, బెల్లం అన్నీ కొలిచి చేటలో పోసి, సామాను గదికి తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుంది. (అనుమానంతో కాదు. ఆ ఇంట్లో రోజుకు సరిపడా కొలిచి బయట పెట్టి తాళం వేయడం వాళ్ళత్తగారి కాలం నుంచీ అలవాటు. సొంత కూతురున్నా అంతే.) ఆ తాళంచెవి చిత్తూరు బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఇక నా దినం మొదలైంది. కుళాయి నీళ్ళు ఆగిపోయేలోపు తొట్టి, అండా, బిందెలు నింపాను. మా ఆయనకు డబ్బా కట్టి సైకిలెక్కించాను. కిరసనాయిలు డబ్బా పట్టుకుని రేషనంగడి దగ్గర గంటన్నర నిలబడితే, సరిగ్గా నా ముందు ఆవిడ దాకా వచ్చి అయిపోయింది. "రేపు రామ్మా" అన్నాడు అంగడాయన, ఏదో పేరంటానికి పిలిచినట్టు. స్టవ్వులో ఉన్నదానితోనే సర్దుకోవాలి. వచ్చే దోవలో బీరకాయలు, అరిటాకులు తెచ్చాను. మా అత్త ఇంట్లో ఏదీ పారేయకూడదు. బీరకాయ లోపలిది కూర, పై తొక్కు పచ్చడి. పప్పు ఉడికాక పైన తేరిన నీళ్ళు చారుకి, అడుగుది పప్పుకి. బియ్యం కడిగిన నీళ్ళు పక్కింటి ఎనుముకి, దానికి బదులుగా చెంబెడు మజ్జిగ. గంజి మా ఆయన చొక్కాలకి. అలసందలు రుబ్బి వడలు వేశాను. బెల్లం పాయసం దించుతుంటే స్టవ్వు రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది. అయినా నాకేం దిగులు లేదు, వంటంతా అయిపోయింది. చారు చేతిలో పోసుకుని రుచి చూసి, పెద్దత్త మొహం ఎలా మారుతుందో ఊహించుకుంటూ తల దువ్వుకున్నాను.

ఇక్కడొక సంగతి చెప్పాలి. పెళ్ళిలో తలెత్తితే తప్పని నాకు బాగా నూరిపోసి పంపారు. అందువల్ల అత్తింటి చుట్టాల పాదాలు తెలుసు గాని, మొహాలు సరిగ్గా తెలియవు. పెద్దత్త గొంతు విన్నాను, మెట్టెలు చూశాను, అంతే.

పన్నెండు దాటాక వీధి తిన్నె మీద ఎవరో కూర్చున్న చప్పుడైంది. తలుపు తీస్తే నాలుగు గుండ్లు, చందనం పూసుకుని తళతళలాడుతున్నాయి. ఒక ముసలావిడ, ఒక మగమనిషి, అతని భార్య, ఎనిమిదేళ్ళ పిల్లాడు. చేతిలో ప్రసాదం మూట. ముసలావిడ, "కొంచెం మంచినీళ్ళు ఇస్తావా తల్లీ?" అంది. ఇంటికొచ్చిన పెద్దత్తను వీధిలో కూర్చోబెట్టి నీళ్ళడిగించుకున్నానే అన్న కంగారులో గొంతూ మెట్టెలూ పోల్చుకోవాలన్న ధ్యాసే నాకు లేకపోయింది.

"అయ్యో, ఈడ కూర్చున్నారేంది, లోపలికి రండి! పొద్దున్నించి మీకోసమే సూస్తా ఉండాను," అన్నాను.

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మాకోసమా?" అన్నాడాయన. నా వినయానికి ఆశ్చర్యపోయాడనుకున్నాను. కాళ్ళకు నీళ్ళిచ్చాను, ఆకులు వేశాను. ఐదుగురు రావాలి, నలుగురే ఉన్నారు. ఆ మాత్రం అనుమానం నాకూ వచ్చింది. (అంత తెలివితక్కువదాన్ని కాదు.) కానీ కొత్త కోడలు ఇంటికొచ్చిన పెద్దల్ని "మీరెవరు?" అని అడిగితే ఆ మాట మూడు తరాలు చెప్పుకుంటారు. అందుకని తెలివిగా, "చిన్నోడేడి, రాలేదా?" అన్నాను.

ఆ భార్య కళ్ళు పెద్దవి చేసి, "వాడికి బస్సంటే వాంతులు, ఊర్లోనే వదిలిపెట్టి వచ్చినాం. నీకెట్లా తెలుసు?" అంది.

"అత్త అన్నీ సెప్పింది," అన్నాను. ఇంకేం అనుమానం? వడ్డించడం మొదలుపెట్టాను. వాళ్ళు మొదట మొహమాటపడ్డారు గాని, ఆకలి మీదున్నారు పాపం, రెండో వడ్డనకి మొహమాటం పోయింది. పిల్లాడు తొమ్మిది వడలు తిన్నాడు. ఆయన చారును ఆకులో ఆనకట్ట కట్టి మరీ తిన్నాడు. ముసలావిడ పాయసం తాగి, నా మొహంలోకి చూసి, "ఏం మొక్కు తల్లీ ఇది? ఎన్నాళ్ళకొకసారి పెడతావు ఇట్లా?" అని అడిగింది.

నేను దాన్ని దెప్పిపొడుపనుకున్నాను. పెద్దత్త నోటి గురించి ముందే విని ఉన్నాను కదా. "ఎప్పుడొస్తే అప్పుడు పెడతాం, దానికేముండాది," అన్నాను కొంచెం బింకంగా. ఆవిడ రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టింది. పెద్దత్త నాకు దండం పెట్టడమేమిటని కంగారుపడి నేనే ఆవిడ కాళ్ళ మీద పడ్డాను.

చేయి కడుక్కోగానే వాళ్ళు మూట సర్దుకున్నారు. "అప్పుడేనా! అత్త వచ్చేదాకా ఉండండి," అని అడ్డుపడితే, ఆయన, "లేదమ్మా, బస్సు తప్పిపోద్ది. మాది నాయుడుపేట పక్కన పల్లె. ఆ పక్కకి వస్తే మా ఇంటికి రావాల. ఇంతకీ ఈ ఇల్లు ఎవరిదో మాకు తెలియనే లేదు," అన్నాడు. ముసలావిడ నా చేతిలో ప్రసాదం పెట్టి, "తిరుపతిలో దారినపోయేవాళ్ళకి పిలిచి పెడతారని వినడమేగాని చూడలేదు. నీ కడుపు చల్లగుండ," అని దీవించి వీధి మలుపు తిరిగిపోయింది.

నాయుడుపేటకీ పలమనేరుకీ మధ్య ఎంత దూరమో నాకు ఆ గడపలో నిలబడ్డప్పుడు తెలిసింది. వంటింట్లోకి పోయి చూశాను. పప్పు గిన్నె ఖాళీ, చారు గిన్నె ఖాళీ, వడల పళ్ళెంలో నలుసులు. అన్నం తపేలా అడుగున రెండు గరిటెలు. ఏడవడానికి కూర్చుందామనుకునేలోపే వీధిలో జట్కా ఆగింది. ఐదుగురు దిగారు. ఇద్దరు పిల్లలకే గుండ్లు. పెద్దలు ముగ్గురూ మూడు కత్తెరలిచ్చి సరిపెట్టుకున్నారట. ముందు నడుస్తున్నావిడ జుట్టు నిండుగా ముడివేసి ఉంది. మెట్టెలు చూడగానే గుర్తుపట్టాను.

"ఏమ్మే, బాగుండావా? ఆకలి సంపేస్తా ఉండాది, ఆకులెయ్యి," అంది పెద్దత్త.

సామాను గదికి తాళం. స్టవ్వులో చుక్క లేదు. వీధి గదిలో చాప పరిచి నీళ్ళిచ్చి, వంటింట్లో ఏముందా అని చూశాను. రాగిపిండి డబ్బా, చెనక్కాయలు, చింతపండు, ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డలు మాత్రం తాళానికి బయట ఉన్నాయి. మండీలో సరుకు ఎక్కువగా వచ్చిన రోజుల్లో మా నాయన ఆలస్యంగా ఇంటికొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా చేసే వంటకి కావలసినవన్నీ అవే. పెరట్లో నీళ్ళు కాచే పొయ్యి రాజేశాను. ఉన్న రెండు గరిటెల అన్నాన్ని ఎసట్లో వేసి మెత్తగా ఉడికించి, రాగిపిండి పోసి తెడ్డుతో గెలికాను. చెనక్కాయలూ మిరపకాయలూ వేయించి రోట్లో వేసి ఊరుబిండి నూరాను. చింతపండు పిసికి, మిరపకాయ నిప్పుల మీద కాల్చి నలిపి, ఎర్రగడ్డలు తరిగి పచ్చిపులుసు చేశాను. పాయసం వాసన ఇంకా పోని ఇంట్లో చేతులు తడుపుకుని సంగటి ముద్దలు చేశాను.

పెద్దత్త పెరటి గడపలో ఎప్పుడొచ్చి నిలబడిందో తెలియదు. "సంగటా?" అంది.

"కొండ మీద తిని తిని నోరు సవిసప్పగా ఉంటాదని..." అని మొదలుపెట్టాను.

"మంచిదే. మరి ఆ ఎంగిలాకులు ఎవురియి?"

గోడ పక్కన నాలుగాకులు, ఒక్క మెతుకు లేకుండా, నా పరువులాగా పడున్నాయి. నాకు అబద్ధం రాలేదు, ఏడుపొచ్చింది. వెక్కుతూ అంతా చెప్పేశాను. నాయుడుపేట, వాంతుల పిల్లాడు, తొమ్మిది వడలు, దండం, అన్నీ. పెద్దత్త మొహం బిగుసుకుపోయింది. ఇక నాలుగూర్లు ఖాయమనుకున్నాను.

"అంటే, నేను గుండు కొట్టించుకుంటే అట్లుంటానా?" అంది చాలా గంభీరంగా. తర్వాత ఆమె పెదవులు అదరడం మొదలుపెట్టాయి. గోడ పట్టుకుని నవ్వింది, గడప మీద కూలబడి నవ్వింది, "ఎన్నాళ్ళకొకసారి పెడతావు అనిందా!" అంటూ కొడుకునీ కోడలినీ పిలిచి మళ్ళీ నా చేత చెప్పించి నవ్వింది. ఆ నవ్వుతూనే పీట లాక్కుని కూర్చుంది. సంగటి ముద్దలో గుంట చేసి పచ్చిపులుసు పోసుకుని, ఊరుబిండి నంజుకుంది. రెండో ముద్ద అడిగింది. మూడో ముద్ద సగానికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

"ఎవురు నేర్పినారు నీకు ఇది?"

"మా నాయన."

పెద్దత్త మిగిలిన సగం ముద్ద కూడా తినేసింది. "నీ పెండ్లిమాటల్లో నేనొక మాట అన్నాను," అంది. "అది అనకుండా ఉండాల్సింది. మీ నాయనకి సెప్పు, నేను సెప్పినానని." లేచి చేయి కడుక్కుని తాంబూలం వేసుకుంది.

సాయంత్రం అత్త రాగానే, "ఏమక్కా, మా కోడలేం పెట్టింది?" అని ఆత్రంగా అడిగింది. "కడుపు నిండా పెట్టింది," అంది పెద్దత్త, నా వైపు చూడకుండా. అత్త వంటింట్లోకి పోయి ఖాళీ గిన్నెలన్నీ చూసి, "మా అక్క ఇంత తింటాదని నాకు తెల్దే," అని మురిసిపోయింది.

మర్నాడే నాయనకు కార్డు రాశాను. పెద్దత్త వచ్చింది, నా వంట తిన్నది, ఎవరు నేర్పారని అడిగింది, మా నాయన అని చెప్పాను, ఆ రోజు అన్న మాట అనకుండా ఉండాల్సిందని నీకు చెప్పమంది, అని. నాయన ఆ కార్డును చాలాకాలం చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడనీ, తూకాల దగ్గర తెలిసిన రైతులకల్లా చదివి వినిపించాడనీ తర్వాత విన్నాను. నాలుగేళ్ళకు ఆయన పోయాడు.

నాయుడుపేట వాళ్ళ సంగతి మాత్రం ఆయనకు రాయలేదు. ఎదురుపడ్డప్పుడూ చెప్పలేదు. కూతురు ఇంత వెర్రిబాగులదని తెలిస్తే ఆ కార్డులోని గొప్ప తగ్గిపోతుందని నా భయం. ఇరవై ఏళ్ళ పిల్లకి పరువు చాలా పెద్దది కదా. ఇప్పుడు ఆ కథను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు, అందరూ నవ్వుతారు. కానీ నవ్వొస్తే తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగరేస్తూ, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వే మనిషి ఆయనొక్కడే. ఆ ఇరవై ఏళ్ళ పిచ్చిపిల్ల మీద ఇప్పుడు కోపం కూడా రాదు, నవ్వే వస్తుంది. పెద్ద గొప్పగా సంతకం పెట్టి పోస్టు డబ్బాలో వేసింది గాని, ఆ కార్డు కింద నాయుడుపేట వాళ్ళ సంగతి రాయడానికి ఇంకా నాలుగు వరసల చోటుంది.