పక్కింటి పులిహోరకు ఉప్పు చూశాను

ఇంగ్లీషులో నాలుకకూ, పుస్తకాలకూ, చొక్కా రంగులకూ టేస్ట్ అని ఒకటే మాట. చాలా ఏళ్ల కిందట ఒక సభలో ఎవరిదో కవిత చప్పగా ఉందన్నందుకు, నాకు టేస్టే లేదని ఒక ఇంగ్లీషు లెక్చరర్ మైకులో చెప్పారు. ఆ తర్వాత జహీరాబాద్‌లో నా అభిప్రాయం అడిగినవారు లేరు.

ఈ రోజు పొద్దున పక్కింటి లక్ష్మి గిన్నెలో పులిహోర తెచ్చింది.

"సారూ, మనుమరాలి తొట్టెల ఫంక్షన్. నాకేమో సోమారం ఒక్కపొద్దు. జర ఉప్పు సూసి చెప్పున్రి. రాయికోడ్ నుంచి ఇయ్యపురాలొస్తుంది, వంకలు పెడ్తది."

"మీ ఆయన్ని అడగలేకపోయావా?"

"ఆయన ఏం పెట్టినా మంచిగుందంటడు. మీకైతే ఏదీ నచ్చదు గద, అందుకే వచ్చిన."

తిని చూశాను. పులుపు బాగుంది, ఉప్పు తక్కువైందన్నాను. వెళ్లి కలిపింది. వియ్యపురాలు రెండోసారి అడిగి పెట్టించుకుందని సాయంత్రం వచ్చి చెప్పింది.

లక్ష్మికి రుణపడి ఉన్నాను. ఆ లెక్చరర్ గారు నా పోస్టులు చదువుతారు, లైకు మాత్రం కొట్టరు. అయ్యా, ఇన్నేళ్లలో మిమ్మల్ని ఒక్కరైనా ఉప్పు చూడమన్నారా? మిగతావారు కూడా చెప్పవచ్చు.