హిప్పీల తీర్థంలో దండ

అరవైల చివర్లో ఒక శ్రావణమాసం. మా పెళ్ళయి ఇంకా ఏడాది నిండలేదు. ఆషాఢమని పుట్టింటికి తీసుకెళ్ళిన నా భార్యను మా మావగారు తిరిగి పంపకుండా నాన్చుతున్నారు. వరి ఉడుపులు కానీ అన్నారు, తరవాత మంచిరోజు లేదన్నారు. ఆ రోజేదో పెట్టించుకుందామని నెల్లిమర్ల నుంచి కళింగపట్నం వెళ్ళాను. ఏ మాట తరవాత ఏ మాట అనాలో బస్సులోనే వరస వేసుకున్నాను. నా పద్ధతి ఎప్పుడూ అంతే.

మావగారు పొలం నుంచి ఇంకా రాలేదు. మా బావమరిది నన్ను కూర్చోనివ్వలేదు.

"రా బావా, హిప్పీల తీర్థం సూసొద్దాం. జాతర నాగ ఊరూరంతా అక్కడే ఉన్నాది."

"వాళ్ళేం చేస్తారు?"

"ఏటీ సెయ్యరు. అదే సూడాల!"

సముద్రం ఒడ్డున సరుగుడు తోటలో పదిమందికి పైగా తెల్లవాళ్ళు దిగి ఉన్నారు. పూరీ నుంచి దొరికిన లారీలెక్కి వచ్చారట. ఒకడు గిటారు వాయిస్తూ పాడుతుంటే, మన తప్పెటగుళ్ళ జట్టు రొమ్ముకు కట్టుకున్న రేకు తప్పెటల మీద దరువు వేస్తోంది. పాట మధ్యలో ఆపి చుట్ట ముట్టించుకున్నా అడిగేవాడు లేడు. వేదిక లేదు, అధ్యక్షుడు లేడు, ఎప్పుడు మొదలైందో ఎప్పుడు ముగుస్తుందో తెలియదు. అందరూ ఇసుకలో చతికిలబడితే, ఇస్త్రీ పంచెతో, కాళ్ళకు జోళ్ళతో నేనొక్కణ్ణే గుంజలా నిలబడ్డాను.

ఇసుకలో పాకే తీగపూలతో కట్టిన దండలు పట్టుకుని వాళ్ళలో ఒక అమ్మాయి లేచింది. ముసలాళ్ళకు వేసింది, పిల్లలకు వేసింది, ఒక మేకకు కూడా వేసింది. తరవాత నా మెడలో వేసింది.

మా ఆఫీసు సభల్లో మెడలో దండ పడితే పెద్దమనిషెవరూ ఉంచుకోడు. వెంటనే తీసి బల్ల మీద పెడతాడు, లేదా వేసినవారికే మర్యాదగా తిరిగి వేసి నమస్కరిస్తాడు. అక్కడ బల్ల లేదు. నేను దండ తీసి, రెండు చేతులా ఆమె మెడలో వేసి నమస్కారం పెట్టాను.

దరువు ఆగిపోయింది.

"ఓలమ్మో! దండలు మార్సీసుకున్నారే!" అని చేపలెండబెట్టే ముసలమ్మ కేకేసింది. "సూస్తారేటి, తలంబ్రాలు పొయ్యండి!"

పిల్లలు ఇసుక గుప్పిళ్ళతో ఎత్తి పోశారు. ఏం జరిగిందో తెలియని ఆ అమ్మాయి సంబరంగా నా చెయ్యి పట్టుకుని గిరగిరా తిప్పింది.

"పాణిగ్రహణం కూడా అయిపోనాదిరా!" అని ఎవరో అరిచారు. మా బావమరిది నవ్వలేక ఇసుకలో కూలబడ్డాడు.

అప్పుడు చూశాను. మోకాళ్ళదాకా పొలం బురదతో, చంకలో గొడుగుతో మావగారు నిలబడి ఉన్నారు. ఆయన నవ్వలేదు. గొడుగు విప్పి ముఖానికి అడ్డం పెట్టుకుని ఇంటి దారి పట్టారు. వాన లేదు.

నేను ఇల్లు చేరేసరికి కబురు ముందే చేరిపోయింది. బస్సులో వేసుకున్న మాటల వరసలో ఒక్కటీ గుర్తుకు రాలేదు. తల దించుకుని వీధి అరుగు మీదే కూర్చున్నాను. లోపల తలుపు చాటు నుంచి మా అత్తగారి గొంతు వినిపించింది.

"అల్లుడుగోరినేటీ అనకండి. పిల్లనిన్నాళ్ళు అట్టీపెట్టుకోడం మన తప్పు. ఎల్లుండి పంపీయండి."

"సరే, ఎల్లుండి రోజు మంచిదే," అన్నారు మావగారు.

"మరి మొన్న నేదన్నారు గదా?"

"మొన్న ఈ తీర్థం నేదు."

దేనికోసం వచ్చానో అది నోరు విప్పకుండానే దొరికింది. కానీ నలుగురిలో నవ్వులపాలైన అల్లుణ్ణి తొందరగా ఊరు దాటించే ఏర్పాటులా ఉందది. రెండు రోజుల తరవాత బస్సెక్కుతుంటే కండక్టరు కూడా అడిగాడు.

"ఈవిడ పెద్దావిడా బాబూ, సిన్నావిడా?"

నా భార్య కిటికీ వైపు తిరిగి కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో చూసే ధైర్యం నాకు లేకపోయింది. శ్రీకాకుళంలో బస్సు మారాక నావైపు తిరిగింది.

"నా మెళ్ళో ఏసినప్పుడు మీ సేతులు వణికిపోనాయి. ఆవిడకి సక్కగా ఏసినారంట గదా!"

నెల్లిమర్ల వచ్చేదాకా నేను తల ఎత్తలేదు.