బాస్ కంట్రోలు లేని యాంప్లిఫయరు

ఏలూరు పవర్‌పేటలో రేడియోలు, టీవీలు బాగుచేసే నెహెమ్యా కొట్లోకి ఏ సెట్టు వచ్చినా ముందు దాని మెడలో ఒక అట్టముక్క పడేది. పాత క్యాలెండరు అట్ట కత్తిరించి, దారం కట్టి, మనిషి పేరు, ఊరు, జబ్బు రాసేవాడు. "దెందులూరు బంగార్రాజు గారు. బొమ్మ వణుకుతోంది." బాగయ్యాక అదే అట్ట వెనక్కి తిప్పి, ఏం చేశాడో రాసి, సెట్టుతో పాటే పంపేవాడు. ముప్ఫై ఏళ్ళలో "కాలేదు" అని రాసిన అట్ట లేదు. అలా రాయాల్సి వస్తుందేమోనన్న సెట్లను నెలల తరబడి బల్ల కింద ఉంచుకుని, సొంతదారు మర్చిపోయాక కూడా బాగుచేసి, సైకిలు మీద కట్టుకెళ్ళి ఇచ్చి వచ్చిన రోజులున్నాయి.

2004 వర్షాకాలం నాటికి అట్టలు రాసే పని బాగా తగ్గిపోయింది. టీవీ పాడైతే బాగుచేయించడం మానేసి కొత్తది తెచ్చుకుంటున్నారు జనం. మధ్యాహ్నాలు నెహెమ్యా సోల్డరింగ్ ఐరన్ వేడెక్కించి, చేసే పని లేక, మళ్ళీ ఆర్పేసేవాడు.

భార్య వరమ్మకు అబ్బులు అని ఒక్కడే తమ్ముడు. పద్దెనిమిదేళ్ళు కైకలూరు నుంచి హౌరాకు చేపల లారీ తోలి, ఇప్పుడు కైకలూరులోనే చేపల మేత కొట్టు పెట్టుకున్నాడు. గొడౌను చూసుకోడానికి నమ్మకమైన మనిషి కావాలని బావ వెంట పడ్డాడు.

"ఎన్నాళ్ళని ఇలా ఈగలు తోలుకుంటూ కూర్చుంటారు బావగారూ? వచ్చెయ్యండి. మేత బస్తాలకి బొమ్మ పోదు, సౌండు పోదు."

"అదే కదయ్యా బాధ," అన్నాడు నెహెమ్యా.

అయినా చివరికి తల ఊపాడు. సెప్టెంబరు మొదటి శనివారం తానే వచ్చి తీసుకెళ్తానని చెప్పి వెళ్ళాడు అబ్బులు.

ఆ మాట అయిన నాలుగో రోజునే కొట్టు ముందు ఒక చిన్న లారీ ఆగింది. అందులోంచి ముందు జ్ఞానప్రసూనాంబ గారు దిగారు, తరవాత నలుగురు మనుషుల చేత ఒక చెక్క కారు దింపించారు. కారంటే పూర్తి కారు కాదు. సీటు, స్టీరింగు, కాళ్ళ కింద బ్రేకు, యాక్సిలరేటరు, ఎదురుగా అద్దం ఉండాల్సిన చోట టీవీ. టోకెను బిళ్ళ వేస్తే తెర మీద రోడ్డు పరుగెత్తే ఆటబండి అది. తాడేపల్లిగూడెం స్టేషన్ రోడ్డులో ప్రసూనాంబ గారి వీడియో గేముల కొట్టుకు పదిహేనేళ్ళుగా అదే ఆకర్షణ.

"మూడు చోట్ల చూపించానండీ. పారేయమన్నారు. మా వడ్రంగి ఏడుకొండలేమో ఆ చెక్కతో నాలుగు బల్లలొస్తాయని దాని చుట్టూ తిరుగుతున్నాడు," అన్నారావిడ. "గూడెంలో ఇవాళ ఆటో తోలేవాడూ, బస్సు తోలేవాడూ మొదట తిప్పింది ఈ స్టీరింగేనండీ. దీన్ని బల్ల చేసి దాని మీద నేను కాఫీ ఎలా తాగను, చెప్పండి?"

నెహెమ్యా వెనక తలుపు తీసి చూశాడు. వాన నీళ్ళు కారి లోపలి బోర్డు పచ్చగా చిలుం పట్టి ఉంది. అది తయారుచేసిన దేశంలోనే ఇప్పుడు దొరకదని తెలుస్తూనే ఉంది.

"నెల రోజులు ఉంచండమ్మా," అన్నాడు. సెప్టెంబరు మొదటి శనివారం సాయంత్రం నాలుగింటికి లారీ తెస్తానని ఆవిడ వెళ్ళిపోయారు.

ఆ రాత్రి అన్నం తింటూ వరమ్మతో చెప్పాడు. "దీని అట్ట మీద 'కాలేదు' అని రాయాల్సొస్తే కైకలూరు పోదాం. 'అయింది' అని రాస్తే ఇక్కడే ఉందాం."

"బతుకంతా తీసుకెళ్ళి ఒక అట్టముక్క మీద పెడతారేంటండీ మీరు?" అంది వరమ్మ, ఆయన కంచంలో పులుసు పోస్తూ.

మర్నాటి నుంచి నెహెమ్యా నెట్ సెంటరుకు వెళ్ళడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం వెతికి నొక్కేవాడు. ఇంగ్లీషు అర్థం కాని చోట ఆ కాగితం ప్రింటు తీయించుకుని, ఇంటికొచ్చి నిఘంటువు దగ్గర పెట్టుకుని చదివేవాడు. పది రోజులకు విషయం బోధపడింది. బోర్డు చచ్చినా దాని మీది చిప్పుల్లో ఆట బతికే ఉండొచ్చు. పాత ఆటబండి వేషం కంప్యూటరుకు వేయించే ప్రోగ్రాములున్నాయి, వాటిని ఎమ్యులేటర్లంటారు. చిప్పుల్లోని ఆటను దానికి అందిస్తే కంప్యూటరు తానే ఆ బోర్డునని నమ్మి ఆడిస్తుంది.

వట్లూరులో ఇంజనీరింగు కాలేజీ ల్యాబులో పనిచేసే నిరంజన్ ఒకప్పుడు ఆయన దగ్గర టేపురికార్డరు బాగుచేయించుకున్నవాడు. చిప్పులు చదివే పరికరం ఆ ల్యాబులో ఉంది. నెహెమ్యా ఒక్కో చిప్పునూ విస్తరాకంత పల్చటి స్క్రూడ్రైవరుతో లేపి, కాళ్ళ చిలుం తుడిచి, దూదిలో పెట్టి సైకిలు మీద తీసుకెళ్ళాడు. అన్నిటినీ ఆ పరికరం చదివేసింది.

"ఇంత పాతవి ఒక్కటీ పోకుండా చదవడం నేనెప్పుడూ చూళ్ళేదండీ," అన్నాడు నిరంజన్.

"నీళ్ళు బోర్డు మీద పడ్డాయి గానీ వాటి లోపలికి పోలేదు బాబూ," అన్నాడు నెహెమ్యా, అందులో తన గొప్పేమీ లేనట్టు.

తెర పని ఆయన చేతి పనే. ఒక టీవీ చాసిస్ బిగించి, పాత కంప్యూటరు నుంచి బొమ్మ అందించాడు. ఇక మిగిలింది స్టీరింగు. దాని కడ్డీ చివర పళ్ళచక్రం, ఆ చక్రానికి రేడియోలో వాల్యూమ్ తిప్పేలాంటి చిన్న కంట్రోలు. స్టీరింగు ఎంత తిరిగిందో చెప్పేది ఆ కంట్రోలే. పాతది కంప్యూటరుకు సరిపడదు, లక్ష ఓములది కావాలి. ముప్ఫై ఏళ్ళ అలవాటు. చెయ్యి దానంతటదే వెళ్ళి వాల్యూమ్ కంట్రోళ్ళ డబ్బా తెరిచి, లక్షది తీసి బిగించింది. స్టీరింగు నిటారుగా పెడితే కారు ఎడమకు లాగింది. పళ్ళచక్రాన్ని నాలుగు పళ్ళు జరిపి సర్దాడు. కారు తిన్నగా నిలబడింది.

కాని రోడ్డెక్కితే మాత్రం ప్రతిసారీ గోడకు గుద్దుకునేది. నెహెమ్యాకు సైకిలు తప్ప ఏ బండీ రాదు. "నాకు తోలడం రాక," అనుకున్నాడు. వారం రోజులు ఓపిగ్గా తోలడం నేర్చుకున్నాడు పాపం. గోడ ఒక్కటి కూడా తప్పలేదు. ఎక్కడో తప్పుందనిపించేది. తీగలన్నీ మళ్ళీ చూసేవాడు, అన్నీ సరిగ్గానే ఉండేవి.

అనుకున్న శనివారం మధ్యాహ్నం అబ్బులు దిగాడు. సామాను కట్టి లేదు. కొట్లో చెక్క కారు ఉంది, దాని పక్కన, వెనక ఇంకా ఏమీ రాయని అట్టముక్క చేత్తో పట్టుకుని బావ నిలబడ్డాడు.

"ఇదా మా అక్క చెప్పిన బండి! జరగండి బావగారూ, హౌరా దాకా ఓ ట్రిప్పు కొట్టొస్తాను," అంటూ కూర్చుని స్టీరింగు అందుకున్నాడు. మొదటి మలుపు తిప్పాడు, రెండోది తిప్పాడు, మూడోసారి గుద్దేశాడు. నవ్వలేదు. స్టీరింగును కొంచెం కొంచెంగా అటూ ఇటూ ఆడించి చూశాడు.

"ఏంటండీ ఇది? ఎడమకి చుట్టూ తిప్పినా కదలట్లేదు. కుడికి వేలేస్తే చాలు, దూకుతోంది. ఇట్టాంటి లారీని నేను తాడు కట్టి షెడ్డుకి లాక్కెళ్తానండీ, తోలను."

"నాకు తోలడం రాదనుకున్నానయ్యా!"

"మీకూ రాదు, దీనికీ రాదు."

నెహెమ్యా వాల్యూమ్ కంట్రోళ్ళ డబ్బా ముందుకు లాక్కున్నాడు. తప్పు తీగల్లో లేదు, తన అలవాటులో ఉంది. చెవి కోసం చేసే వాల్యూమ్ కంట్రోలు సమంగా పెరగదు. మొదట నెమ్మదిగా కదిలి, చివర్లో గబుక్కున లేస్తుంది. పాటకు అది కావాలి, రోడ్డుకు పనికిరాదు. సమంగా పెరిగేది కావాలి. యాంప్లిఫయర్లో బాసూ ట్రెబులూ తిప్పే కంట్రోళ్ళు అలాంటివే, కాని లక్షది విడిగా ఒక్కటీ కొట్లో లేదు. టైము రెండున్నర.

ఆయన చూపు పైనున్న అరమీదికి పోయింది. అక్కడ ఆయన మొట్టమొదట కట్టిన యాంప్లిఫయరు ఉంది. దాని బాస్ కంట్రోలు లక్ష ఓములదే. చర్చికి పదిహేనేళ్ళు పనిచేసి, కొత్తది వచ్చాక మళ్ళీ ఆయన దగ్గరికే చేరింది. ఆయన, వరమ్మ పెళ్ళి ప్రమాణాలు ఊరంతా విన్నది అందులోంచే. రోజూ గుడ్డతో తుడిచేవాడు, ఒక్క స్క్రూ కూడా విప్పనిచ్చేవాడు కాదు. చూశాడు. మళ్ళీ తల దించుకున్నాడు. అట్టముక్క బల్ల మీద పెట్టి పెన్ను క్యాపు తీశాడు.

టీ తెచ్చిన వరమ్మ అదంతా చూసింది. గ్లాసులు దించి, స్టూలు జరుపుకుని ఎక్కి, యాంప్లిఫయరును తానే దించి ఆయన ముందు పెట్టింది.

"వద్దు వరమ్మా. మన ప్రమాణాలు..."

"అందులో నా గొంతు ఏముందిలెండి. ఆ రోజు సిగ్గుతో నాకసలు మాటే రాలేదు. వినపడిందంతా మీ గొంతే. ఇప్పండి."

అబ్బులు పగలబడి నవ్వాడు. నెహెమ్యా నవ్వుతూనే స్క్రూలు విప్పాడు. బాస్ కంట్రోలు తీసి, కడ్డీ తుడిచి, స్టీరింగు చివర బిగించి, పళ్ళచక్రాన్ని మళ్ళీ వెనక్కి సర్దాడు.

నాలుగింటికి ప్రసూనాంబ గారు లారీ దిగేసరికి కొట్లోంచి ఇంజను మోత, బ్రేకుల కీచు వినిపిస్తున్నాయి. అబ్బులు చొక్కా చేతులు మడతపెట్టి, నాలుక కొద్దిగా బయటపెట్టి, మలుపులు తిప్పుతున్నాడు. ఒక్క గోడా తగల్లేదు.

"ఎవరండీ ఈయన? నా బండి దిగమనండి!" అన్నారావిడ.

"కాస్సేపాగండమ్మా, విశాఖపట్నం దాటాను," అన్నాడు అబ్బులు తల తిప్పకుండా.

అబ్బులు దిగాక ఆవిడ చెప్పులు బయట విడిచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని సీట్లో కూర్చున్నారు. పదిహేనేళ్ళు ఆ బండికి బిళ్ళలు అందించారే గాని ఎప్పుడూ ఎక్కింది లేదట. మెల్లగా, రోడ్డుకు ఎడమ పక్కనే, అందరికీ దారి ఇచ్చుకుంటూ పోయారు. దిగాక ఆవిడ నెహెమ్యాకు రెండు చేతులూ జోడించారు. ఆయన కంగారుపడి, తానూ జోడించి, బల్ల మీద రాసి ఉంచిన అట్టముక్క ఇచ్చేశాడు. దాని వెనక ఇలా ఉంది: "అయింది. ఎడమ, కుడి సమంగా తిరుగుతాయి. వాన తగలనివ్వొద్దు."

చీకటి పడేలోగా అబ్బులు ఖాళీ చేతులతో బస్సెక్కాడు. కిటికీలోంచి అరిచాడు, "ఇంకో రెండు బళ్ళుంటే చెప్పండి బావగారూ, తోలి చూసి తప్పులు చెప్పడానికి నేనొస్తాను! గొడౌనుకి వేరే మనిషిని చూసుకుంటాలెండి!"

తరవాత భీమవరం నుంచీ, ఏలూరులోనే మిగతా పేటల నుంచీ ఆటబళ్ళు ఆ కొట్టుకు వచ్చాయి. వాటి సంగతి అలా ఉంచితే, ఆ కొట్టుకు వెళ్ళినవాళ్ళకు ఇవాళ్టికీ అరమీద ఆ యాంప్లిఫయరు కనిపిస్తుంది. ముందు పలకలో ఒక గుండ్రటి చిల్లు. దాని మెడలో నెహెమ్యా చేతి రాతతో ఒక అట్ట:

"బాస్ లేదు. మిగతాదంతా పలుకుతుంది."