నాన్న కారుకి కొత్త స్పీడు మీటరు

మా చిన్నతనపు బెజవాడ... వన్ టౌన్‌లో మా బట్టల కొట్టు ముందు నాన్న పాత కారు ఆగి ఉంది. మేస్త్రీ దాని కింద వెల్లకిలా పడుకుని ఏదో బిగిస్తున్నాడు. ఆయన కాళ్ళు మాత్రమే బయటికి కనబడుతున్నాయి. నేనూ తమ్ముడూ అరుగు మీద కూర్చుని చూస్తున్నాం.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన కొత్త రోజులవి. ఆ కారులో స్పీడు మీటరు ఎప్పుడో చచ్చిపోయింది... ముల్లు సున్నా మీదే ఉండేది. నాన్నకు అదో పెద్ద వెలితి. మిలిటరీ వాళ్ళు తుక్కు కింద వదిలేసిన బండిలోంచి ఒక మీటరు సంపాదించాడు. నల్లటి పలక, తెల్లటి అంకెలు... పాతదానికి రెండింతలుంది.

మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ లేచాడు. "ఇది వేరే బండిదండీ. మన చక్రాలకి సరిగ్గా చూపిస్తుందో లేదో... రెండ్రోజులు తిప్పి చూశాక నమ్మండి" అన్నాడు.

"రేపే ప్రయాణమయ్యా. మళ్ళీ మంచిరోజు ఎప్పుడొస్తుందో ఏమో" అన్నాడు నాన్న.

ప్రయాణం అమ్మ పురిటికి. అమ్మమ్మగారిది పెడన. రైల్లో ఎక్కీ దిగీ అవస్థ పడొద్దని కారులో బయల్దేరదీశాడు. కుదుపులు తగలకూడదు, మెల్లగా తీసుకెళ్ళమని మంత్రసాని మరీ మరీ చెప్పింది. "ఇక భయమేముంది, ఎంత మెల్లగా పోతున్నామో మీటరే చెబుతుంది" అని నాన్న ధీమా...

పొద్దున్నే బయల్దేరాం. ముందు సీటులో నాన్న పక్కన ట్రంకుపెట్టె, మూటలు. వెనక ఎడమ తలుపు దగ్గర అమ్మ, తర్వాత తమ్ముడు, నేను. కుడి పక్కన రోడ్డు వెంటే బందరు కాలవ... నిండుగా, ఎర్రగా పారుతోంది.

ఊరు దాటగానే అమ్మ ముందు సీటు గట్టిగా పట్టుకుంది. "ఏవండీ... బండి జోరుగా పోతోంది."

"ఇరవై మైళ్ళు కూడా లేదే. కావాలంటే చూడు!"

"చెట్లు అట్లా వెనక్కి పరిగెడుతుంటే ఇరవై అంటారేంటండీ... కాస్త తగ్గించండి."

నేను ముందుకు వంగి చూశాను. నిజమే, ముల్లు ఇరవై దగ్గర వణుకుతోంది. నాన్న తగ్గించలేదు.

మలుపు తిరిగామో లేదో... ఎదురుగా గడ్డి బండి! నాన్న బ్రేకు మీద నిలబడ్డాడు. కారు జారి కుడివైపుకి తిరిగింది. కిందనుంచి ఏదో గీరుకున్న చప్పుడు... ఒక్క ఊపు... ఆగింది.

ముందు కుడి చక్రం గాలిలో ఉంది. దాని కింద కాలవ.

గడ్డి బండి ఎడ్లు బెదిరి పరిగెత్తాయి. బండివాడు వాటిని ఆపలేక వాటి వెంటే పోయాడు. రోడ్డు మీద ఇంకెవరూ లేరు.

అమ్మ మెల్లగా ఎడమ తలుపు తెరిచింది. తమ్ముణ్ణి, నన్ను తన మీదుగా ఒక్కొక్కళ్ళనే దింపింది. నేను దిగగానే కారు ముందుకి ఇంకొంచెం ఒరిగింది.

"నువ్వూ దిగవే!" నాన్న తల తిప్పకుండా అరిచాడు. ఆయన తలుపు నీళ్ళమీదికే. పక్కన మూటలు, పెట్టె. వెనక్కి రాబోతే కారు కిర్రుమంది. నాన్నకు ఈత రాదు.

"నేను దిగితే బండి మీతో సహా పోతుంది. మీరు కదలకండి."

"కడుపుతో ఉన్నావు... నా మాట విను. దిగు!"

"నేను దిగనండీ." అమ్మ ఒక చేత్తో పొట్ట పట్టుకుని, సీటు మూలకి ఇంకా వెనక్కి జరిగి కూర్చుంది. నా వంక చూసి, "పడవ లాగేవాళ్ళెవరైనా ఉన్నారేమో చూడమ్మా. పరిగెత్తు" అంది.

తమ్ముణ్ణి చెట్టు దగ్గర కూర్చోబెట్టి గట్టు వెంట పరిగెత్తాను... కొంత దూరంలో ఇద్దరు మనుషులు భుజాన తాడేసుకుని ధాన్యం పడవ లాగుతూ వస్తున్నారు.

"అన్నా! మా నాన్న కాలవలో పడిపోతున్నాడు!"

వాళ్ళు పడవను ఒడ్డుకు కట్టేసి, లాగే తాడు విప్పుకుని నాకంటే ముందు ఉరికారు. అమ్మను చూసి పెద్దాయన ఆగిపోయాడు. "నువ్వు దిగు తల్లీ, మేం పట్టుకుంటాం."

"ముందు తాడు కట్టండన్నా. తర్వాత దిగుతా."

ఒకాయన కారు వెనక కిందికి పాకి ఇరుసుకి ముడేశాడు. రెండో కొస తుమ్మ చెట్టుకి చుట్టి బిగించారు. అప్పుడు నాన్న మూటల మీదుగా పాక్కుంటూ వెనక సీట్లోకి వచ్చాడు. అమ్మ ఆయన చొక్కా పట్టుకుని లాగింది. ఇద్దరూ దిగాక చూశాను... అమ్మ కొరుక్కున్న పెదవి మీద నెత్తురు.

నాన్న అక్కడే మట్టిలో కూలబడ్డాడు. "మీటరు తప్పు చూపించింది. నువ్వు ముందే చెప్పావు..." అన్నాడు.

"కాసేపు కూర్చోండి" అంది అమ్మ. అంతే... ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

బండివాడు కూడా తిరిగొచ్చి చెయ్యి వేశాడు, కారు రోడ్డెక్కింది. పడవవాళ్ళు డబ్బులు వద్దంటే, పుట్టింటికని చేసిన సున్నుండలు అమ్మ డబ్బాతో సహా వాళ్ళ చేతుల్లో పెట్టింది. పెడన చేరేసరికి దీపాలు పెట్టారు. ఆ వారంలోనే చెల్లెలు పుట్టింది... ఇద్దరూ క్షేమం.

అమ్మా నాన్నా ఇద్దరూ కాలం చేశారు. చెల్లెలు మాత్రం ఇప్పటికీ ఆ దారిన వెళ్ళినప్పుడల్లా, "అక్కా, ఎక్కడే ఆ మలుపు?" అని అడుగుతుంది. నేను కళ్ళు చిట్లించి వెతుకుతాను... రోడ్డు వెడల్పయింది, గట్టు రూపం మారింది, కాలవలో ఒక్క పడవ లేదు. ఇక్కడే అని చూపించలేకపోతున్నాను.

ఇదంతా నేను చెబుతుంటే మా మనవరాలు టైపు చేస్తోంది. బందరు కాలవ మీద పడవలు చూసినవాళ్ళు మీ ఇళ్ళల్లో ఇంకా ఎవరైనా ఉన్నారా...? ఉంటే వాళ్ళనడిగి నాలుగు ముక్కలు రాయండి, చదివించుకుంటాను.